సూదులతో గూడ నొప్పి తగ్గుతుంది సరే, చేయి పైకి లేస్తుందా?

అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మకు 56 ఏళ్లు. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. ఐదు నెలలుగా ఎడమ గూడ పట్టేసింది. జడ వేసుకోలేదు, చేయి వీపు వెనక్కి పోదు, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేదు. ఆర్థో డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అని చెప్పి మాత్రలు, వ్యాయామాలు రాశారు. గూడలో ఇంజెక్షన్ కూడా చేయొచ్చన్నారు, అమ్మ భయపడుతోంది. మా వీధిలో ఒకాయన ఆక్యుపంక్చర్‌తో 20 సిటింగ్‌లలో పూర్తిగా నయం చేస్తానంటున్నారు. డబ్బు ముందే కట్టాలట. షుగర్ మాత్రలు కూడా మానేయొచ్చట. వెళ్లమంటారా?"

ముందు ఆఖరి మాటకు జవాబు. షుగర్ మాత్రలు మానేయమన్న మనిషి దగ్గరికి వెళ్లొద్దు. ఆయన సూది ఎంత బాగా వేసినా సరే, వద్దు. అసలు మీ అమ్మగారి భుజం పట్టేయడానికి షుగరే పెద్ద కారణం అయి ఉండొచ్చు. అది కింద చెప్తాను. ఆక్యుపంక్చర్ సంగతి వేరు. దాన్ని నేను కొట్టిపారేయను. సరైన చోట, సరైన సమయంలో చేయిస్తే పనికొస్తుంది. ఏ పనికి వస్తుందో తెలుసుకుని వెళ్లాలి, అంతే.

నేను గుంటూరులో 24 ఏళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. మొదటి పదేళ్లు ఆక్యుపంక్చర్ అంటే నవ్వేదాన్ని. తర్వాత మా దగ్గరికి వచ్చే పేషెంట్లలో కొందరు "సూదులు వేయించుకున్నాక రాత్రి నిద్ర పడుతోందమ్మా" అనడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నాకే 49వ ఏట ఎడమ గూడ పట్టేసింది. ఇరవై ఏళ్లు ఊరందరి భుజాలూ కదిపినదాన్ని, నా కొంగు నేను భుజం మీదికి వేసుకోలేకపోయాను. ఆ ఎనిమిది నెలల్లో నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఈ జవాబు సగం ఆ అనుభవమే.

అసలు అది ఫ్రోజెన్ షోల్డరేనా అన్నది ముందు తేల్చుకోండి. మన దగ్గర భుజం నొప్పి అంటే చాలు, ఆ పేరు పెట్టేస్తారు. ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. అమ్మగారిని వెల్లకిలా పడుకోబెట్టి, చేయి పూర్తిగా వదిలేయమని, మీరే మెల్లగా పైకెత్తండి. మీరు ఎత్తినా ఒకచోట గోడ తగిలినట్టు ఆగిపోతే కీలు బిగిసినట్టు. మీరెత్తితే పూర్తిగా లేచి, ఆవిడ సొంతంగా మాత్రం ఎత్తలేకపోతే అది బహుశా కండరాన్ని ఎముకకు కలిపే బంధనం చిరగడం. దాని దారి వేరు. ఇంకొకటి: మోచేయి నడుముకు ఆనించి, తలుపు తెరిచినట్టు ముంజేతిని బయటికి తిప్పమనండి. ఫ్రోజెన్ షోల్డర్‌లో అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువగా పోయేది ఈ కదలికే. రెండో చేత్తో పోల్చి చూడండి, తేడా కంటికి కనిపిస్తుంది.

ఎక్స్‌రే తీశారా? ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, కాబట్టి "ఎందుకు దండగ" అనుకుంటారు. తీసేది వేరేవి లేవని నిర్ధారించుకోవడానికి. కీలు అరుగుదల, ఎప్పుడో పడినప్పుడు వెనక్కి జారి అలాగే ఉండిపోయిన భుజం, ఇవి కూడా ఇలాగే బిగుసుకుంటాయి. మన దేశంలో ఇంకొకటి ఉంది, భుజం కీలుకు వచ్చే క్షయ. దానిలో ఒక రకం చీమూ వాపూ లేకుండా పొడిగా వస్తుంది, అచ్చం ఫ్రోజెన్ షోల్డర్‌లాగే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు క్షయ ముప్పు ఎక్కువ. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, జబ్బ కండ బాగా సన్నబడటం ఉంటే ఆర్థో డాక్టరుకు ఆ మాట తప్పకుండా చెప్పండి. ఎడమ భుజం కాబట్టి ఇంకో మాట: మెట్లెక్కినప్పుడు నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గిపోతుంటే అది భుజం సమస్య కాకపోవచ్చు. ముందు ఈసీజీ తీయించి గుండె డాక్టరుకు చూపించండి.

ఇవేవీ లేవనుకుందాం. అప్పుడు లోపల జరిగేది ఏమిటంటే, భుజం కీలు చుట్టూ ఒక పల్చటి సంచీ ఉంటుంది. అది వాచి, తర్వాత దళసరెక్కి, ముడుచుకుపోతుంది. ఉతికితే కుంచించుకుపోయిన జాకెట్టు అనుకోండి, చేయి దూరుతుంది గానీ పైకి లేవదు. మామూలు భుజంలో ఇరవై మిల్లీలీటర్లకు పైగా ద్రవం పట్టే చోట, బిగుసుకున్న భుజంలో పది పట్టడం కూడా కష్టం. ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు 1934లో కాడ్‌మన్ అనే అమెరికన్ సర్జన్ పెట్టాడు. చైనాలో, జపాన్‌లో అయితే దీన్ని "యాభై ఏళ్ల భుజం" అంటారు. వయసు చూడగానే జబ్బు పేరు తెలిసిపోయేంత పాత జబ్బన్నమాట. 40 నుంచి 60 లోపు వాళ్లకే ఎక్కువ, ఆడవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ.

షుగర్ సంగతి. ఎన్నో అధ్యయనాలను కలిపి 2016లో లెక్క చూస్తే, షుగర్ ఉన్న నూరు మందిలో సుమారు 13 మందికి ఈ జబ్బు కనిపించింది. మామూలు జనంలో రెండు నుంచి ఐదుగురు అంటారు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది కీళ్ల చుట్టూ ఉండే పీచు కణజాలానికి పట్టుకుని దాన్ని గట్టిపరుస్తుందని చెప్తారు. మీ అమ్మగారిని ఒకసారి నమస్కారం పెట్టమనండి. అరచేతులు, వేళ్లు పూర్తిగా ఆనుతున్నాయా, మధ్యలో సందు మిగులుతోందా చూడండి. సందు మిగిలితే చేతి కీళ్లలో కూడా అదే పని మొదలైందని అర్థం. హెచ్‌బిఎ1సి, అంటే మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష, ఎంత ఉందో మీరు రాయలేదు. మూడు నెలల్లోపు చేయించింది లేకపోతే ముందు అది చేయించండి. థైరాయిడ్ కూడా చూపించండి, దానితో కూడా భుజం బిగుసుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఈ జబ్బు మొండిగా ఉంటుంది, తగ్గడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది. అందుకే "20 సిటింగ్‌లలో పూర్తిగా" అన్న మాట నాకు మింగుడు పడలేదు.

ఈ జబ్బుకు మూడు దశలు. మొదటిది నొప్పి దశ: రాత్రిళ్లు చంపుతుంది, కదలిక రోజురోజుకీ తగ్గుతుంది. నెలల తరబడి సాగుతుంది. రెండోది బిగుసుకున్న దశ: నొప్పి తగ్గుతుంది, చేయి మాత్రం కొయ్యలా ఉంటుంది. మూడోది మెల్లగా వదిలే దశ. మొత్తం ఏడాదిన్నర, రెండేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువ. మీ అమ్మగారు ఐదో నెల, రాత్రి నొప్పి ఇంకా ఉంది. అంటే మొదటి దశలోనే ఉన్నారు. ఏ వైద్యం ఏం చేస్తుందో ఈ దశను బట్టే ఉంటుంది. ఇది అడగకుండా సూది తీసేవాళ్లు, అడగకుండా చేయి పట్టి లాగేవాళ్లు, ఇద్దరూ ఒకటే నా దృష్టిలో.

ఇప్పుడు సూది సంగతి.

ఆక్యుపంక్చర్ సూది ఇంజెక్షన్ సూదిలా ఉండదు. మందం పావు మిల్లీమీటరు ఉంటుంది, లోపల బోలు ఉండదు, మందేమీ ఎక్కించరు. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది. తర్వాత లోపల బరువుగా, గుంజుతున్నట్టు, కొద్దిగా జివ్వుమన్నట్టు ఉంటుంది. చైనా వాళ్లు దాన్ని "ద చీ" అంటారు, అది రావాలంటారు. ఇరవై నుంచి ముప్పై నిమిషాలు ఉంచి తీసేస్తారు. కొందరు సూదులకు క్లిప్పులు పెట్టి సన్నగా కరెంటు ఇస్తారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ కరెంటు జోలికి వెళ్లకూడదు.

ఎలా పనిచేస్తుంది? ప్రాణశక్తి నాడుల్లో ప్రవహిస్తుందని పాత లెక్క. నేను ఆ లెక్కను నమ్మను. నమ్మకపోయినా సూది ఏదో చేస్తోందని మాత్రం ఒప్పుకుంటాను. 1970ల నుంచే, సూది గుచ్చితే శరీరం సొంతంగా తయారుచేసుకునే నొప్పి మందులు, అంటే ఎండార్ఫిన్లు, విడుదలవుతాయని ప్రయోగాలు చెప్తున్నాయి. వాటిని అడ్డుకునే నలోక్సోన్ అనే మందు ఇస్తే సూది ప్రభావం తగ్గింది. 2010లో ఎలుకల మీద చేసిన పనిలో, సూది గుచ్చిన చోట అడెనోసిన్ అనే పదార్థం పెరిగి అక్కడి నొప్పి తగ్గడం చూశారు. ఈ రెండూ చెప్పేది నొప్పి గురించే. సంచీ సాగడం గురించి కాదు.

మనుషుల మీద లెక్కలు చూద్దాం. భుజం మీద జరిగిన పెద్ద ప్రయోగం ఒకటి జర్మనీలో ఉంది, 2010లో వచ్చింది. భుజం నొప్పి పాతబడిన 424 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆరు వారాల్లో 15 సార్లు అసలు ఆక్యుపంక్చర్, రెండో గుంపుకు ఉత్తుత్తి సూదులు (అసలు బిందువులు కాని చోట పైపైన గుచ్చేవి), మూడో గుంపుకు మామూలు ఆర్థో వైద్యం. చికిత్స అయిపోయిన మూడు నెలలకు నొప్పి సగానికి తగ్గినవాళ్లు వరుసగా నూటికి 65, 24, 37 మంది. చాలా మంచి ఫలితం. నడుం నొప్పికి అదే జర్మనీలో 1,162 మందితో చేసి 2007లో ప్రకటించిన ప్రయోగంలో మాత్రం కథ వేరు. అసలు సూదులతో 47.6 శాతం, ఉత్తుత్తి సూదులతో 44.2 శాతం, మామూలు వైద్యంతో 27.4 శాతం మందికి గుణం కనిపించింది. అంటే నడుం విషయంలో సూది ఎక్కడ గుచ్చారన్నది పెద్దగా పట్టలేదు, గుచ్చడం పట్టింది. ఒక మనిషి అరగంట మన నొప్పి గురించి శ్రద్ధగా కూర్చోవడం కూడా పట్టిందేమో. దీన్ని చూసి "అంతా భ్రమే" అనేవాళ్లున్నారు, "చూశారా, మామూలు వైద్యం కంటే మేలు" అనేవాళ్లున్నారు. నా పేషెంట్ రాత్రి నిద్రపోతే చాలు నాకు, వాదన తర్వాత చూసుకోవచ్చు.

39 ప్రయోగాల్లోని 20,827 మంది వివరాలను ఒకచోట చేర్చి 2018లో చూస్తే, వెన్ను, మెడ, భుజం, మోకాలి అరుగుదల, పాత తలనొప్పి, వీటికి ఆక్యుపంక్చర్ ఉత్తుత్తి సూదుల కంటే కొంత మేలని, ఆ మేలు ఏడాది తర్వాత కూడా చాలావరకు నిలుస్తుందని తేలింది. కొంత మేలు. అద్భుతం కాదు. కానీ వీటిలో చాలా వాటిలో కొలిచింది నొప్పి. ఫ్రోజెన్ షోల్డర్ ఒక్కదాని మీదే జరిగిన ప్రయోగాలు చిన్నవి.

నా సొంత భుజం దీనికి సాక్ష్యం. మా ఊళ్లోనే ఆక్యుపంక్చర్ నేర్చుకున్న ఎంబీబీఎస్ డాక్టరు ఒకావిడ దగ్గర వేయించుకున్నాను. రెండో సిటింగ్ తర్వాత, మూడు నెలల్లో మొదటిసారి తెల్లారేదాకా నిద్రపోయాను. పదికి ఎనిమిది ఉన్న నొప్పి నాలుగుకు వచ్చింది. ఎంత సంతోషం! నాలుగో సిటింగ్ అయ్యాక గోనియోమీటరు, అంటే కీళ్ల కోణం కొలిచే స్కేలు, తీసి చూసుకున్నాను. ముంజేయి బయటికి తిరిగే కోణం మొదట 15 డిగ్రీలు, అప్పుడూ 15 డిగ్రీలే. ఒక్క డిగ్రీ కూడా మారలేదు. నొప్పి తగ్గింది కదా అని నాకు చేయి లేస్తున్నట్టే అనిపించింది. నిజానికి నడుం వంచి, గూడపలక ఎగరేసి, ఎత్తినట్టు నటిస్తున్నాను. ఈ మోసం పేషెంట్లు చేస్తుంటే రోజూ పట్టుకునేదాన్ని, నా దగ్గర నేను పట్టుకోలేకపోయాను.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. సూదులు తీయగానే ఇంటికెళ్లి పడుకోవడం మానేశాను. అక్కడే క్లినిక్‌లో ఇరవై నిమిషాలు, మళ్లీ సాయంత్రం ఇంట్లో ఒకసారి, నొప్పి అణిగి ఉన్న ఆ కొద్ది గంటల్లోనే చేయి కదిలించాను. తర్వాతి నాలుగు సిటింగ్‌లలో కోణం 15 నుంచి 30కి వచ్చింది. అది సూది వల్లా, వ్యాయామం వల్లా, జబ్బు తనంతట తాను వదలడం వల్లా అంటే, ఒక్క భుజం చూసి చెప్పలేను. కానీ తర్వాత పేషెంట్లలో కూడా ఇదే చూశాను. సూదులు వేయించుకుని కదలనివాళ్లు నొప్పి లేని కొయ్య చేత్తో మిగిలారు. నొప్పి భయంతో కదలనే కదలనివాళ్లకు, సూది ఇచ్చిన ఆ సందు ఎంతో ఉపయోగపడింది. మీ అమ్మగారికి సూదులు వేయిస్తే ఆ సందు కోసమే వేయించండి.

చైనా వాళ్లకు ఈ కిటుకు పాతదే. కాలి ముందు భాగంలో, మోకాలికీ చీలమండకూ సరిగ్గా మధ్యలో, ఎముకకు కాస్త బయటిపక్క టియావ్‌కౌ అనే బిందువు ఉంది. అక్కడ సూది గుచ్చి తిప్పుతూ, పేషెంట్‌ను అదే సమయంలో భుజం కదపమంటారు. కాలిలో సూది, భుజానికి వ్యాయామం, వినడానికి తమాషాగా ఉంటుంది. స్పెయిన్‌లో 425 మంది భుజం నొప్పి వాళ్లను రెండు గుంపులు చేసి, ఇద్దరికీ ఫిజియోథెరపీ ఇస్తూ, ఒక గుంపుకు ఈ ఒక్క బిందువు దగ్గరే వారానికొకసారి చొప్పున మూడు వారాలు సూది వేసి 2008లో ఫలితం చెప్పారు. భుజం పనితీరు స్కోరు వీళ్లలో 16.6 పెరిగితే, కరెంటు ఇవ్వని ఉత్తుత్తి యంత్రం పెట్టిన గుంపులో 10.6 పెరిగింది. నొప్పి మాత్రలు తగ్గించుకున్నవాళ్లు 53 శాతం, అటు 30 శాతం. వాళ్లది ఫ్రోజెన్ షోల్డర్ కాదు, భుజం బంధనాలు ఒరుసుకునే జబ్బు. అయినా సూదిని, కదలికను జత చేయాలన్న ఆలోచన నాకు నచ్చింది.

కదపమన్నాను కదా అని లాగొద్దు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే మా వృత్తి వాళ్లే ఈ తప్పు చేస్తారు. ఇద్దరు పట్టుకుని చేయి పైకి విరిచేసే చోట్లున్నాయి, పేషెంట్ కేకలు బయట వరండాలో వినిపిస్తుంటాయి. నెదర్లాండ్స్‌లో 77 మందిని రెండేళ్లు గమనించి 2004లో చెప్పింది ఇదీ: నొప్పి హద్దులోనే మెల్లగా కదుపుకున్న వాళ్లలో 89 శాతం మంది దాదాపు మామూలు భుజానికి వచ్చారు. గట్టిగా సాగదీసిన గుంపులో 63 శాతమే. నొప్పి దశలో ఎంత లాగితే సంచీ అంత వాస్తుంది. షుగర్ ఉండి, వయసుతో ఎముక గుల్లబారిన ఆడవాళ్లకు నాటు వైద్యుడు ఒక్క గుంజు గుంజితే ఎముక విరగొచ్చు కూడా.

మీ అమ్మగారికి ఇప్పుడు సరిపోయేవి ఇవి. ముందుకు వంగి, బాగున్న చేయి బల్ల మీద ఆనించి, నొప్పి ఉన్న చేతిని గడియారం లోలకంలా వేలాడదీసి ఊపడం. డైనింగ్ టేబుల్ మీద గుడ్డ వేసి, చేతిని దాని మీద పెట్టి ముందుకు జార్చడం, గచ్చు తుడిచినట్టు. పడుకుని రెండు చేతులతో కర్ర పట్టుకుని, బాగున్న చేత్తో తోస్తూ రెండో ముంజేతిని బయటికి తిప్పడం. ఒక్కోటి పదిసార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. చేసేటప్పుడు నొప్పి కొంచెం ఉండొచ్చు, ఆపిన అరగంటలో తగ్గిపోవాలి. రాత్రికి నొప్పి పెరిగితే మర్నాడు సగం చేయాలి. గోడ మీద వేళ్లతో పాకించడం, వీపు వెనక తువ్వాలు లాగడం రాత్రి నొప్పి పోయాక మొదలుపెట్టొచ్చు.

ఇంజెక్షన్ గురించి అమ్మగారి భయం. నిజం చెప్పాలంటే, మొదటి దశలో నొప్పికి కీలులోపల ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగా పనిచేసే వైద్యాల్లో ఒకటి. మొదటి కొద్ది వారాలు, నెలలు దాని మేలు బాగా కనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇచ్చాక కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకుంటూ డాక్టరు చెప్పినట్టు మందు సర్దుకోవాలి. షుగర్ ఇప్పటికే అదుపులో లేకపోతే డాక్టరే ఆగమంటారు. మీ అమ్మగారు ఇంజెక్షన్‌కు ససేమిరా అంటే, లేదా షుగర్ వల్ల ఇప్పుడు వీలుకాదంటే, ఆక్యుపంక్చర్ ప్రయత్నించడం సబబే. నేనైతే అప్పుడు "వద్దు" అనను. కాకపోతే ఇంజెక్షన్ సూదికి భయపడి పది సూదులకు ఒప్పుకోవడం ఒక్క మన అమ్మలకే చెల్లింది!

మత్తిచ్చి చేయి కదపడం, చిన్న రంధ్రంతో సంచీ కోయడం గురించి ఇప్పుడు ఆలోచించక్కర్లేదు. బ్రిటన్‌లో 503 మందితో చేసి 2020లో వచ్చిన పెద్ద ప్రయోగంలో ఆ రెండూ, కీలులో ఇంజెక్షన్‌తో కలిపి పద్ధతిగా చేసిన ఫిజియోథెరపీ, ఏడాది తర్వాత చూస్తే దేనికీ చెప్పుకోదగ్గ పైచేయి కనిపించలేదు.

20 సిటింగ్‌ల ప్యాకేజీకి వద్దాం. అమెరికాలో పెద్దవాళ్లకు ఉండే ప్రభుత్వ బీమా మెడికేర్, 2020 జనవరి నుంచి పాత నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ ఖర్చు భరిస్తోంది. 90 రోజుల్లో 12 సిటింగ్‌లు ఇస్తుంది. గుణం కనిపిస్తేనే ఇంకో 8, లేకపోతే ఆపేయాలి. ఇంగ్లండ్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్, 2016లో నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ వద్దంది. 2021లో కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పికి ఒక్క కోర్సు ఆలోచించొచ్చంది, అదీ వైద్యుడి సమయం మొత్తం ఐదు గంటలు దాటకూడదని షరతు పెట్టింది. డబ్బున్న ప్రభుత్వాలే ఇలా ఆచితూచి ఇస్తుంటే మీరు 20కి ముందే ఎందుకు కట్టాలి? నా లెక్క: వారానికి రెండు చొప్పున ఆరు సిటింగ్‌లు, ఒక్కోదానికి అప్పటికప్పుడు డబ్బు. ఆరు అయ్యేసరికి రాత్రి నిద్రలో గానీ, పగటి నొప్పిలో గానీ స్పష్టమైన తేడా లేకపోతే ఆపేయండి. తేడా ఉంటే పది పన్నెండు దాకా వెళ్లొచ్చు. "నొప్పి పెరిగితే మంచిదే, రోగం బయటికి వస్తోంది" అనే మాట వింటే లేచి వచ్చేయండి.

ఎవరి దగ్గర చేయించాలి? మన దేశానికి ఈ వైద్యం తెచ్చింది కలకత్తా డాక్టరు బిజయ్ కుమార్ బసు. యుద్ధంలో గాయపడినవాళ్లకు వైద్యం చేయడానికి 1938లో డాక్టర్ కోట్నీస్‌తో పాటు చైనా వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో ఆయన ఒకరు. మళ్లీ వెళ్లి నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో దీన్ని ఒక చికిత్సా విధానంగా ఒప్పుకుంది, 2019లో స్వతంత్ర పద్ధతిగా గుర్తించింది. బెంగాల్ 1996లోనే, మహారాష్ట్ర 2015లో దీనికి ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. మన వైపు చేసేవాళ్లలో శిక్షణ తీసుకున్న ఎంబీబీఎస్‌లు ఉన్నారు, ప్రకృతి వైద్యంలో ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ చదివినవాళ్లు ఉన్నారు, వాళ్ల చదువులోనే ఆక్యుపంక్చర్ ఉంటుంది. కండరం ముడుల్లోకి గుచ్చే డ్రై నీడ్లింగ్ చేసే ఫిజియోలు ఉన్నారు. నాలుగు ఆదివారాల కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. సిగ్గుపడకుండా ఏం చదివారో, ఎక్కడ చదివారో అడగండి. బాగా చదువుకున్నవాళ్లు ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు. ఎగ్జిబిషన్లలో అమ్మే ఆక్యుప్రెషర్ చెప్పులు, ముళ్ల రోలర్లు దీనికి ప్రత్యామ్నాయం కాదు. షుగర్‌తో పాదాలు తిమ్మిరెక్కినవాళ్లు ఆ చెప్పులు తొడగనే కూడదు.

ప్రమాదం ఎంత? జర్మనీలోనే 2,29,230 మందిని గమనించి 2009లో ప్రకటించారు. నూటికి 8.6 మందికి ఏదో ఒక చిన్న ఇబ్బంది, ఎక్కువగా కొంచెం రక్తం, కమిలిన మచ్చ. వైద్యం అవసరమైనవాళ్లు నూటికి 2.2 మంది. ఊపిరితిత్తికి గుచ్చుకుని గాలి చేరినది అంతమందిలో ఇద్దరికి. చాలా అరుదే, కానీ భుజానికి వేసే చోట్లలో ఒకటి సరిగ్గా ఆ ప్రమాదం ఉన్న చోటే. మెడకూ భుజం కొసకూ మధ్య, బరువు మోసే చోట, జియెన్‌జింగ్ అనే బిందువు ఉంటుంది. దాని కిందే ఊపిరితిత్తి కొస. అక్కడ లోతుగా నిలువునా గుచ్చకూడదు. సిటింగ్ తర్వాత ఛాతీలో పోటు, ఆయాసం వస్తే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి.

షుగర్ వాళ్లకు సూది కంటే నేను ఎక్కువగా భయపడేది వేడికి. మా దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చింది, వేరే చోట సూదులతో పాటు ఎర్ర లైటు పెట్టి మర్చిపోయారట. చర్మం తిమ్మిరిగా ఉండటంతో ఆవిడకు కాలుతున్నట్టు తెలియలేదు. రూపాయి బిళ్లంత బొబ్బ మానడానికి ఆరు వారాలు పట్టింది. మీ అమ్మగారికి లైటు గానీ, మూలికలు కాల్చి వేడి పెట్టడం గానీ వద్దని ముందే చెప్పండి. సూదులు ప్యాకెట్ మీ కళ్ల ముందే చింపాలి, వాడాక పారేయాలి. "మీ సూదులు మీకే దాచి ఉంచుతాం" అన్నా ఒప్పుకోవద్దు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ఆ సంగతి చెప్పండి. మొదటి సిటింగ్‌కు ఖాళీ కడుపుతో పంపొద్దు, కళ్లు తిరుగుతాయి. షుగర్ మాత్ర వేసుకుని టిఫిన్ చేయకుండా వెళ్తే మరీను.

మొదటి సిటింగ్‌కు ముందు ఒక పని చేయండి. అమ్మగారిని గోడకు ఎదురుగా నిలబెట్టి, ఎడమ చేయి ఎంత ఎత్తు వరకు పాకుతుందో అక్కడ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. ఇప్పుడు ఒక్కసారి చాలు, రోజూ పాకించొద్దు. వీపు వెనక బొటనవేలు ఎక్కడిదాకా పోతుందో ఫోన్‌తో ఫొటో తీయండి. ఆరు సిటింగ్‌ల తర్వాత మళ్లీ. నొప్పి సంగతి ఆవిడ చెప్తారు, కదలిక సంగతి గీత చెప్తుంది.

అప్పటిదాకా రాత్రి వెల్లకిలా పడుకుని, ఎడమ మోచేయి కింద చిన్న దిండు పెట్టుకోమనండి, చేయి వెనక్కి వాలిపోకుండా. జాకెట్టు తొడుక్కునేటప్పుడు ముందు ఎడమ చేయి దూర్చాలి, విప్పేటప్పుడు ఎడమ చేయి ఆఖర్న తీయాలి. జడ మాత్రం కొన్నాళ్లు మీరే వేయాలి.